పడమటి గోడ

ఆ పొద్దున ఎల్లారెడ్డి వైపు ఆకాశం బర్రె వీపులా నల్లగా దిగింది. కామారెడ్డి దిక్కున ఇంకా ఎండే ఉంది. గాలి లేదు.

మా కొత్త ఇంటికి అదే మొదటి వాన. "ఒక్క పెద్ద వాన చూస్త. దోసెడు మట్టి రాలినా స్లాబ్ ఇల్లే కట్టాలె" అని నా భార్య పద్మలత పునాదికి ముగ్గు పోసిన రోజే చెప్పింది. నేను సరేనన్నాను.

ఇల్లు గుండ్రంగా, వడ్లు పోసే గుమ్మిలా ఉంటుంది. గుమ్ములకు మట్టి మెత్తడంలో మా ఊరి హన్మవ్వను మించినవాళ్లు లేరు. ఆమె చెప్పినట్టే చెరువు మట్టి, మొరం, తరిగిన వరిగడ్డి కలిపి, నాలుగు రోజులు నానబెట్టి, తొక్కి, మూరెడు మందం గోడ లేపాం. కింద రెండడుగులు రాయి. పైన, కూలగొట్టిన ఇండ్ల నుంచి తెచ్చిన గూనపెంక. మస్కట్‌లో పదకొండేళ్లు ఎవరి గోడలకో సిమెంటు పూసి, రేకుల గదిలో ఉడికినవాణ్ణి. నాకు చల్లటి గోడ కావాలనిపించింది. అంతే.

పద్మలత తట్టలు మోసింది గాని, గోడకు ఒక్కసారీ ఆనుకోలేదు.

చినుకులు మొదలయ్యేసరికి హన్మవ్వ సంచి కప్పుకొని వచ్చింది. "నా గుమ్మిల నేను కూసోకపోతె ఎట్ల?" అంటూ లోపలికొచ్చి కూర్చుంది. పద్మలత జొన్నరొట్టెలు చేస్తోంది. చెవి మాత్రం బయటే.

వాన రెండు గంటలు దంచింది. పెంకు సందుల్లోంచి చుక్క కారలేదు. అప్పుడు పడమటి వైపు దబ్బున చప్పుడైంది.

"పోయింది. నీ గోడ పోయింది" అంది పద్మలత.

ముగ్గురం తడుస్తూ వెళ్లాం. చూరు కింద చాటంత పెచ్చు పడి ఉంది. హన్మవ్వ వంగి ఆ పెచ్చును గోరుతో గీకింది. పైపొర పోయింది గాని, లోపల గోరు దిగలేదు.

"ఇది నా మట్టి కాదు కొడుకా. గిది సిమెంటు గద! ఎవలు పూసిన్రు?"

నేను నేల చూశాను. "నేనే అవ్వా. మీరిద్దరు భిక్నూర్ పెండ్లికి పోయిన రోజు. వాన కొట్టేది గీ దిక్కే గదా అని... కనబడకుంట పైన మట్టి అలికిన."

"మట్టికి ఊపిరాడొద్దా? ముక్కు మూసినవ్, ఊడవడ్డది."

పెచ్చు ఊడిన చోట గోడ గట్టిగానే ఉంది. హన్మవ్వ వేళ్ల గుర్తులు కూడా చెరగలేదు.

పద్మలత నన్నే చూస్తోంది. "నమ్ము నమ్ము అని ఆర్నెల్లు నా పానం తిన్నవ్. నువ్వే నమ్మలేదా?"

"మాట మాటే. స్లాబే కడదాం" అన్నాను.

"రాలింది మట్టా? నీ తెలివి రాలింది" అని నవ్వేసింది. "నడు, పెనం మీద రొట్టె మాడుతది. మిగిలిన సిమెంటు రేపు గీకెయ్యి."

లోపల మూడు కంచాల్లో రొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. తన కంచం తీసుకొని, వీపు గోడకు ఆనించి కూర్చుంది. పెంకు మీద వాన సన్నబడింది.