సున్నాకు రాని గీత

ఆ టీ గ్లాసు బల్ల అంచుకు మరీ దగ్గరగా ఉంది, ఎవరు పెట్టారో గానీ, అనుకుంటూనే ఆమె చెయ్యి చాచి దాన్ని మధ్యకు జరిపింది, ఇది అమ్మ అలవాటు, ఇంట్లో ఏ గిన్నెనూ అంచున ఉండనివ్వదు, మంచం తలవైపు గోడకు పటం కట్టనివ్వదు, ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో సామానంతా బల్లల నడిమధ్యే కాపురం చేస్తోంది, కూతురు మాత్రం రోజూ తయారై వచ్చి పనిగట్టుకుని భూకంపాలు పుట్టిస్తుంది, దానికి జీతం కూడా తీసుకుంటుంది, ఇంత విడ్డూరం ఎక్కడైనా ఉందా అని అమ్మే ఒకసారి అంది, నవ్వకుండా అంది, అద్దం అవతల, భూకంపంలా కదిలించి చూసే ఇనుప బల్ల మీద నమూనా ఆస్పత్రి గది సిద్ధమవుతోంది, ఒక గోడ, గోడకో కిటికీ, కిటికీకి ఊచలు, కింద ఒక మంచం, పక్కన చక్రాల మందుల బండి, వెనక నిలువెత్తు అలమర, బోల్టు మామ మోకాళ్ళ మీద కూర్చుని బండిని నైలాన్ తాడుతో ఊచకు కడుతున్నాడు, ఇరవై ఏళ్ళుగా ఆ షేక్ టేబుల్‌కు బోల్టులు బిగిస్తూ అసలు పేరే పోగొట్టుకున్న మనిషి, తలెత్తి అద్దంలోంచి ఈమెను చూసి మైకులో అంటున్నాడు, అమ్మాయిగారూ, ఈసారి మీ కంప్యూటరు ఎంత ఊపినా సరే ఇది ఊడదు, నా ముడి సంగతి మీకింకా తెలీదు, తెలుసులే మామా అంది ఈమె, చెయ్యి తుడుచుకుంది, గ్లాసు తడి కాదు, అరచేతిలో సబ్బు జిగురు, ఉండదని తెలుసు, అయినా తుడుచుకుంది.

ఏడోదాన్ని ఏం చేద్దామంటావమ్మా, అని పెద్దాయన వెనకనుంచి అడిగాడు, ఆఫీసుకు పెద్ద, ఈమెకు పని నేర్పినవాడు, ఆయన గొంతులో తొందర లేదు గానీ ఆస్పత్రి వాళ్ళు దారిలో ఉన్నారు, వచ్చేలోగా మాట కావాలి, ఆస్పత్రి కట్టే స్థలం భూమిలోని పగులుకు కూతవేటు దూరంలో ఉంది, అంత దగ్గర నేల ఎలా కదులుతుందో చూపించే పాత రికార్డులు చాలినన్ని లేవు, అందుకే పగులు ఎక్కడ మొదలై ఎటు చీలితే ఏమవుతుందో కంప్యూటరు చేతే లెక్క కట్టించి పదకొండు కుదుపులు పుట్టించారు, పుట్టించిన ప్రతిదాన్నీ నిజం భూకంపాల పక్కన నిలబెట్టి, బలం చూసి, ఎంతసేపు ఊపిందో చూసి, పొట్టి కట్టడాన్నెలా పొడుగు కట్టడాన్నెలా కదిలించిందో చూసి, ఇది నమ్మదగిందే అని చెప్పడం ఈమె పని, ఒక విధంగా పెళ్ళిచూపులే, మనిషిని చూసి వంశం చెప్పాలి, పది పాసయ్యాయి, ఏడోది మాత్రం ఊగదు, కాసేపు సన్నగా వణికి ఒకే ఒక్కసారి ఒక పక్కకు పోతుంది, పోయి అక్కడే ఉండిపోతుంది, దాని కింద ఆస్పత్రి నమూనాలో కింది అంతస్తు స్తంభాలు మోకాళ్ళ దగ్గర విరిగినట్టు విరుగుతున్నాయి, కింది అంతస్తులో పిల్లల వార్డు.

పొద్దున అమ్మ అదే అడిగింది, పిల్లల్ని ఏ అంతస్తులో పెడుతున్నారే, కిందేనమ్మా, మంచిదే, పరిగెత్తడానికి వీలుంటుంది, అని దువ్వెన బల్ల మధ్యలో పెట్టింది, పరిగెత్తడానికి, తమ్ముడూ పరిగెత్తాడు ముప్పై ఏళ్ళ కిందట, పెరట్లో అమ్మ ఒళ్ళు రుద్దుతుంటే జారిపోయి ఒంటినిండా నురగతో ఇంట్లోకి, నాలుగేళ్ళ చిన్నోడు, పట్టుకో చూద్దాం అక్కా అంటూ, అప్పుడే నేల సన్నగా వణకడం మొదలైంది, అమ్మ పెరట్లోంచి అరిచింది, వాణ్ణి పట్టుకోవే, కిటికీ ఊచ పట్టుకో, వదలకు, ఎనిమిదేళ్ళ పిల్ల ఎడమచేత్తో ఊచను, కుడిచేత్తో వాడి చేతిని, చిన్న చెయ్యి, వెచ్చని చెయ్యి, సబ్బుతో జారుతున్న చెయ్యి, నువ్వు వేలు నొక్కేస్తున్నావక్కా అన్నాడు, అదే వాడి చివరి మాట, అంతలోనే గోడ వాడి మీద పడింది, ఆ మాట వినే వేళ్ళు సడలించిందా, అన్నదానికి జవాబు లేదు, అన్నం ముద్ద చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ చేతిని అడుగుతుంది, లిఫ్టులో ఎవరి బిడ్డయినా చూపుడువేలు పట్టుకుంటే అడుగుతుంది, ఆ తర్వాత ఆమె చేతిలో నురగ ఉంది, చెయ్యి లేదు.

అమ్మ మాత్రం ఎప్పుడూ ఒకే మాట చెప్పేది, నేను పెరట్లోంచి కళ్ళారా చూశానమ్మా, నువ్వు వదల్లేదు, ఇల్లు నిన్ను లాక్కుపోయింది, వాడు ఉన్నచోటే ఉండిపోయాడు, తల్లి మనసు కదా, బిడ్డ కుంగిపోకూడదని అంటోంది అనుకుంది ఈమె, ఇంజనీరింగ్‌లో చేరాక కాగితం మీద గీతలు గీసి మరీ వివరించింది, భూమి ఊగుతుందమ్మా, ఇటు పోయి అటు వస్తుంది, లాక్కుపోదు, అమ్మ ఆ కాగితాన్ని చూసి, అయితే నాకే కళ్ళు సరిగ్గా కనబడలేదేమోలే, అని లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళింది, ఆనాటి భూకంపానికి పుస్తకాల్లో ఉన్న రికార్డు కొండ అవతల రాతి నేల మీద, నేల కదలికను గీతగా గీసే యంత్రం రాసింది, దూరపు కొండలు నునుపు, దూరపు గీత కూడా నునుపే, అందులో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిని లాగేసే బలం ఎక్కడా లేదు, గీత ఊగింది, ఊగి ఊగి సున్నా దగ్గరకు వచ్చి పడుకుంది, అంటే వదిలింది నువ్వే అంది గీత, ఆమె నమ్మింది.

కానీ గీతల్ని సున్నాకు తెచ్చేది ఎవరు, మనమే కదా, ఉద్యోగంలో మొదటి వారమే పెద్దాయన నేర్పాడు, యంత్రం తిక్కది, కొంచెం ఒరిగినా నేల ఊరు దాటి పోయినట్టు రాస్తుంది, అందుకని చివర్ని పట్టుకుని సున్నాకు తెచ్చి కట్టెయ్యాలి, అదే సవరణ, ఆమె అలా ఎన్ని గీతల్ని కట్టేసిందో లెక్కలేదు, ఏ భూకంపమైనా సరే చివరకు నేల తన చోటికి బుద్ధిగా వచ్చేసేది, వచ్చేది కాదు, తెచ్చేవాళ్ళు, పోయినవారం ఏడోదానికి జోడు వెతుకుతూ పాత టెలిఫోన్ ఆఫీసు నేలమాళిగలోని యంత్రం ఆనాడు రాసిన సవరించని గీత తీసింది, తమ వీధికి రెండు వీధుల అవతలే ఆ ఆఫీసు, గీత కాసేపు వణికి, ఒక్కసారిగా పక్కకు పోయి, తిరిగి రాలేదు, యంత్రం ఒరిగిందేమో అని అన్నివిధాలా పరీక్షించింది, ఒరగలేదు, ఏడోదాన్ని తెచ్చి దాని మీద పెడితే ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి, అప్పటినుంచి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే భయం, ఏడోది నిజమైతే ఇల్లు నిజంగానే లాక్కుపోయింది, చెయ్యి తను వదల్లేదు, అబ్బా, అది నిజం కావాలని ఎంత ఆకలిగా ఉందో ఆమెకు తెలుసు, ఆకలి వేసినవాడి చేతికి వడ్డించే గరిటె ఇస్తారా, తన కేసుకు తనే జడ్జి అవుతుందా, స్తంభాలు లావు చెయ్యాలంటే ఆస్పత్రి ఏడాది ఆలస్యం, ఆ ఏడాదంతా రోగులు పాత రేకుల షెడ్డులో పడుండాలి, అదంతా ఒక ఆడది తన నిద్ర కోసం చేసిందని రేపు తేలితే, వాపును చూసి బలుపనుకోవడం ఈ పనిలో మహాపాపం, పెద్దాయన పక్కకు వచ్చి నిలబడ్డాడు, ఎవరి కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళంటారమ్మా, కుదుపులు లెక్కగట్టిన కంప్యూటరు కుర్రాళ్ళు అంటే అన్నారు, మనమూ అనాలా, అంత ఒంటిపక్క కుదుపు పుస్తకాల్లో మన దగ్గరెక్కడా లేదు కదా, పది చాలు, తీసేద్దాం, అన్నాడు, మంచివాడు, అబద్ధం ఆడేవాడు కాదు, ఆయనకు చూపించని గీత ఈమె దగ్గరుంది, ఒక్కసారి ఆడించి చూద్దాం సార్, అంది, సరే మామా, ఏడోది పెట్టు, అని ఆయనే మైకులో చెప్పాడు.

ఇనుప బల్ల వణికింది, మందుల సీసాలు సన్నగా మోగాయి, ఆ మోత ఆమెకు తెలుసు, వంటింటి గిన్నెల మోత, ఎడమచెయ్యి తనంతట తనే ఇవతల టీ గ్లాసున్న బల్ల అంచును పట్టుకుంది, అంతలో గది పోయింది, గోడా కిటికీ మంచం నేల అన్నీ కలిసి ఒక్క ఊపున కుడిపక్కకు పోయాయి, బండి మాత్రం పోలేదు, చక్రాల కింద నేల జారిపోతుంటే అది ఉన్నచోటే నిలబడింది, తాడు బిగిసింది, పట్టుమంది, తెగింది, వెనకున్న అలమర నిదానంగా ఒరిగి బండి మీద పడింది, గది కొత్త చోట అలాగే నిలబడి ఉంది, తిరిగి రాలేదు, నేల ఉన్నచోట నేల లేదు, ఆనాడు వాడూ ఉన్నచోటే ఉన్నాడు, తడికాళ్ళ కింద నుంచి ఇల్లు జారిపోయింది, అమ్మ చూసింది, పెరట్లో నిలబడి ఉన్నది ఉన్నట్టు చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది, కూతురు గీతలు గీసి ఆ కళ్ళను కాదంది.

వదల్లేదు, తను వదల్లేదు, ఛాతీలో ఏదో కరగబోతోంది, ఇంతలో బోల్టు మామ ఇనుప బల్ల ఎక్కి కిటికీ దగ్గర అరుస్తున్నాడు, చూడండమ్మాయిగారూ, నన్ననొద్దు, తాడు తెగింది గానీ నా ముడి ఊడలేదు, ఊచను ఎంత గట్టిగా పట్టుకుందో చూడండి, అని తెగిన తాడు కొసను ఊపి చూపిస్తున్నాడు, గర్వంగా, ముడి ఊచనే కరుచుకుని ఉంది, ఆమె తన ఎడమచేతిని చూసుకుంది, అది ఇంకా బల్ల అంచునే పట్టుకుని ఉంది, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి, ముప్పై ఏళ్ళుగా ఆమె కుడిచేతినే అడిగింది, తిట్టింది, సబ్బుపెట్టి కడిగింది, ఎడమచేతిని ఒక్కసారీ అడగలేదు, ఇల్లు ఆమెను లాక్కుపోయింది సరే, ఎలా లాక్కుపోయింది, ఊచ పట్టుకుంది కాబట్టి, అది వదిలి ఉంటే ఆమె కూడా వాడితోపాటే అక్కడే, ఆ గోడ పడిన చోట, చేతిలో చెయ్యి ఉండగానే.

అంటే ఈ కుదుపు నిజమైనా ఆమెకేమీ మాఫీ చెయ్యడం లేదు, ఊచను వదలని చెయ్యి కూడా తనదే, అది తెలిసి ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడుపుతోపాటు చెప్పలేనంత తెరిపి కూడా, ఏం తేలినా ఇక తన ఆకలి తీరదు గనక తన కళ్ళను తను నమ్మవచ్చు, ఏమ్మా, ఒంట్లో బాగాలేదా, అని పెద్దాయన కుర్చీ జరిపాడు, బాగానే ఉంది సార్, ఏడోది ఉండాలి, టెలిఫోన్ ఆఫీసు యంత్రం రాసిన సవరించని గీత ఒకటుంది, వారం కిందే చూపించాల్సింది, ఇప్పుడు మీ కళ్ళతో మీరు చూడండి, నేనన్నానని నమ్మకండి, అంది, ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ గీత మీదికి వంగాడు, వేలితో దాని చివరిదాకా వెళ్ళాడు, అప్పట్లో దీన్ని సున్నాకు కట్టింది నేనేనమ్మా అన్నాడు మెల్లగా, ఆ మాట ఆమెకు దూరంగా వినబడింది, సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మతో చెప్పాలి, నువ్వు చూసింది నిజమేనని చెప్పాలి, తమ్ముడి చేతిని తను వదల్లేదు, ఊచనూ వదల్లేదు, అందుకే తను బతికింది, ఆ ఊచను పట్టుకోమన్నది అమ్మ, ఆ మాట ఒక్క బిడ్డనే దక్కించిందని అమ్మకు ముప్పై ఏళ్ళుగా తెలుసు.