దారి తప్పిన అరటన్ను

గీతబద్దను ఎడమ చేత్తో నొక్కిపెట్టి ఆయన నల్లగీత గీస్తున్నాడు. అది మనది. ఏటా మన దేశం బయటినుంచి తెప్పించుకున్న పత్రికల కాగితం ఎన్ని టన్నులో చెప్పే గీత. పక్కనున్న ఎర్రగీత సముద్రానికి అవతలి దేశానిది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా, గణాంకాల ఆఫీసు మూలగదిలో, ఈ రెండింటినీ పోల్చడమే ఆయన పని. ఆఫీసంతా ఆయన్ని టన్నులాయన అంటుంది. ఇన్ని టన్నుల లెక్క తెలిసినవాడు ఇంట్లో మాత్రం వదిన చదివాకే పేపరు అడిగి చదువుకుంటాడు.

ఆయన చేరిన కొత్తలో నల్లగీత రెట్టింపు ఎత్తున ఉండేది. పదమూడో ఏట రెండూ ఒకదాన్నొకటి దాటుకున్నాయి. జనం ఫోన్లలో వార్తలు చూడటం మొదలయ్యాక రెండూ మెట్లు దిగాయి. ఇప్పుడు కాగితం అడుగున, వేలెడు ఎడంలో, పక్కపక్కనే నడుస్తున్నాయి.

ఏటా ఈ గీతల పట్టిక అచ్చుకు వెళ్లేముందు సరిచూడమని అవతలి దేశపు గణాంకాల ఆఫీసుకు పంపాలి. రెండో ఏట ఆయన నిజంగానే పొరపాటు చేశాడు. వాళ్ల అంకెలో అరటన్ను తగ్గింది. జవాబుకు ఒక చీటీ గుచ్చి వచ్చింది, గుండ్రటి ఆడ చేతిరాతలో: ‘మా అరటన్ను మీ దగ్గర దారి తప్పింది. దయచేసి పంపించండి.’ ఆయన దాన్ని నాలుగుసార్లు చదివాడు. మూడో ఏట కావాలనే అరటన్ను తగ్గించాడు. చీటీ వచ్చింది. ఆ తర్వాత ఏటా అంతే. ఆమె కనిపెట్టేసిందని ఆయనకు తెలుసు. ఒక ఏడాది చీటీతోపాటు ఎర్ర పెన్సిల్ కూడా వచ్చింది: ‘మా గీత వెలిసిపోయినట్టుంది. దీంతో గీయండి.’

ఆమెకు పెళ్లయిందో లేదో, జుట్టు నెరిసిందో లేదో ఆయన అడగలేదు. ఆఫీసు కవరులో అలాంటివి ఎలా అడగాలో తెలియలేదు. వదిన సంబంధం మాటెత్తినప్పుడల్లా “ఈ పట్టిక అవనీ వదినా” అనేవాడు. ఆమెను ఒక్కసారి చూడాలని మాత్రం అన్నేళ్లూ ఉండేది.

ఇవాళ ఉద్యోగంలో ఆఖరి రోజు. ఈసారి చీటీ రాగానే జవాబు రాసి పంపుదామని, తన ఇంటి చిరునామా రాసిన కవరు జేబులో పెట్టుకొచ్చాడు.

పదకొండింటికి అటెండరు వచ్చాడు. “మీ ఎర్రగీత వచ్చింది సార్. ఇవాళైనా టీ ఇప్పిస్తారా?”

“ముందు చూడనివ్వవయ్యా.”

చీటీ లేదు. పట్టిక కింద రబ్బరుముద్ర: సరిచూశాం, తేడా లేదు. అరటన్ను తక్కువగానే ఉంది. ఎవరూ పట్టుకోలేదు. రెండో కాగితం మీద టైపుచేసిన రెండు వాక్యాలున్నాయి. ఇంతకాలం ఈ పట్టిక చూసిన ఉద్యోగిని మొన్న చలికాలంలో కాలం చేశారు. ఇకపై ఉత్తరాలు విభాగం పేరున పంపగలరు.

“ఏమైంది సార్?”

“అరటన్ను తగ్గింది. నేనే దాచాను.”

“అరటన్నేగా. ఎవరు అడుగుతారు సార్?”

“అడిగే మనిషి ఉండేది.”

ఆయన అంకె చెరిపి, అరటన్ను తిరిగి కలిపాడు. ఎర్ర పెన్సిల్ తీసి వాళ్ల గీతను ఈ ఏటిదాకా లాగాడు. కళ్లు మసకబారితే ఆగి, తుడుచుకుని, మళ్లీ లాగాడు.

సాయంత్రం కళ్లజోడు డబ్బా, గొడుగు తీసుకుని బయల్దేరాడు. కవరు జేబులోనే నలిగిపోయింది.

“సార్, పెన్సిల్ మర్చిపోయారు.”

“అది వాళ్లది. ఉండనీ.”

ఏడాదికొక్క గీతకే తీసేవాడు గనక, సగం కూడా అరగని ఆ ఎర్ర పెన్సిల్, గీత ఆగినచోటే, బల్లమీద ఉంది.