బండి ముందు బోర్డు

సౌదీలోని దమ్మాం నుంచి తిరిగొచ్చాక రాజలింగు ఏ మాట ఎత్తుకున్నా అది చివరికి దమ్మాంలోనే తేలేది. అక్కడ గ్యారేజీలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బిగించినవాడు, కామారెడ్డిలో ఎల్లారెడ్డి రోడ్డు మీద షెడ్డు తెరిచాడు. పనిమంతుడే, కాదనేవాళ్లు లేరు. కాకపోతే ఆ సంగతి ఊరూరా తెలియాలని ఆరాటం. అందుకే తన చేతిమీదుగా వెళ్లే ప్రతి బండికీ ముందు గ్రిల్ మీద రేకు బోర్డు ఒకటి వైరుతో కట్టి పంపేవాడు. పసుపు మీద ఎర్రక్షరాలు: రాజలింగు గేర్ వర్క్స్, దమ్మాం రిటర్న్.

ఎల్లారెడ్డిలో ఉండే హన్మండ్లు బండికీ అలాగే కట్టాడు. హన్మండ్లుకు యాక్సిడెంటులో ఎడమ కాలు దెబ్బతిన్నది, క్లచ్ తొక్కలేడు. వెతికి వెతికి క్లచ్ లేని ట్రక్కు కొనుక్కుని మక్కజొన్నల లోడ్లు కొడుతున్నాడు. భార్య అంజవ్వకు ఒకటే భయం. "నా కాలుతోని ఒక్కసారి తేడా వచ్చినా బండి ఇడుస్త" అని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పాకే స్టీరింగ్ పట్టనిచ్చింది.

ఎండల్లో లోడు మీద గేర్ ఆయిల్ కాగిపోతోందని వస్తే, రాజలింగు అదనంగా ఓ చిన్న కూలర్ తెప్పించి రేడియేటర్ ముందు, గాలి తగిలే చోట బిగించాడు. గేర్‌బాక్సులోని ఆయిల్ పైపుల గుండా అందులోకి వచ్చి, గాలికి చల్లబడి తిరిగి వెళ్తుంది. పైపులు రాసుకోకుండా రబ్బరు తొడిగాడు. చుక్క కారలేదు. ఆఖరున బోర్డు కట్టి, వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు.

వారం తిరక్కుండానే హన్మండ్లు ఫోన్.

"రాజలింగూ, గేర్ ఆయిల్ ఎర్రలైటు ఎలిగింది. మాడు వాసనొస్తుంది."

రాజలింగు బస్సెక్కి ఎల్లారెడ్డి పోయాడు. హన్మండ్లు ఇంటి ఎదురుగా చాయ్ హోటల్ ముందు, లోడుతో బండి నిలబడి ఉంది. కిందికి దూరి చూశాడు. లీకు లేదు, ఆయిల్ నిండుగా ఉంది. తన పనిలో తప్పుండదని ముందే తేల్చుకున్న మనిషి కదా, ఇక మిగిలింది డ్రైవరే.

"కాకా, నువ్వు ఆ కాలు తీస్కవొయి బ్రేకు మీద పెడుతున్నవు. బ్రేకు తొక్కుకుంట రేజ్ ఇస్తే మాడక ఏమైతది?"

చాయ్ తాగేవాళ్లంతా ఆ కాలు వంక చూశారు.

"పెట్టలే బిడ్డా. నాకు తెల్వకుండ పడ్డదో ఏమో..."

"కాలుకే సోయి లేనప్పుడు నీకేం తెలుస్తది?"

నలుగురూ నవ్వారు. రోడ్డవతల అరుగు మీద బీడీలు చుడుతున్న అంజవ్వ చేతులు ఆగిపోయాయి. హన్మండ్లు ఆమె వంక చూశాడు. తాళంచెవి తెచ్చి రాజలింగు చేతిలో పెట్టాడు.

"లోడు నువ్వే కామారెడ్డిల దింపు. బండి గూడ ఎవలకన్న అమ్మిపెట్టు. మీ చిన్నమ్మకు మాటిచ్చిన."

రాజలింగుకు కాస్త గుచ్చుకుంది. అయినా ఉన్నమాటే అన్నానని సర్దిచెప్పుకున్నాడు.

చల్లారాక బండి తీశాడు. ఎడమ కాలు మడిచి పెట్టుకుని, బ్రేకు జోలికి ఎక్కువ పోకుండా దర్జాగా నడిపాడు. లింగంపేట దాటాడో లేదో ఎర్రలైటు వెలిగింది. వెంటనే మాడు వాసన.

దిగి బానెట్ ఎత్తాడు. కూలర్ మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున లాక్కున్నాడు. నిప్పులా ఉంది. దాని ముందు గాలి రావాల్సిన చోట రేకు అడ్డంగా ఉంది. ముందుకొచ్చి చూస్తే తన పేరే. కూలర్ ఎంత వెడల్పో బోర్డూ అంతే. మిగతా బండ్లకు చెల్లింది, వాటికి బోర్డు వెనక కూలర్ లేదు మరి.

రాజలింగు చెవులు వేడెక్కాయి. బండంతా మక్కల దుమ్ము, బోర్డు మాత్రం తళతళలాడుతోంది. మూలన కుంకుమ బొట్టు. రోజూ పొద్దున్నే హన్మండ్లు దాన్ని తుడిచి బొట్టు పెడుతున్నాడన్నమాట. ఆ బొట్టు చూశాక రాజలింగుకు చచ్చేంత సిగ్గేసింది.

బోర్డు పీకి పొదల్లో పారేసి, ఏదో రిపేరు చేశానంటే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చినందుకు మళ్లీ సిగ్గేసింది. వైర్లు తెంపి బోర్డు పక్క సీట్లో పడేసి, బండి చల్లారాక వెనక్కి తిప్పాడు. ఎల్లారెడ్డి దాకా లైటు వెలగలేదు.

హన్మండ్లు ఇంకా హోటల్ బల్ల మీదే కాలు చాపుకుని కూర్చున్నాడు. రాజలింగు బోర్డు చేత్తో పట్టుకుని దిగాడు.

"కాకా, నీ కాలు తప్పేం లేదు. నా బోర్డే గాలికి అడ్డం పడ్డది. తప్పు నాది."

తిట్ల కోసం నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. హన్మండ్లు బోర్డు వంక చూడనైనా చూడలేదు. మొహం విప్పారింది.

"నా కాలు కాదా?"

"కాదు కాకా."

"గట్టిగ జెప్పు బిడ్డా. మీ చిన్నమ్మకు ఇనవడాలె."

రాజలింగు రోడ్డు దాటి అరుగు ముందు నిలబడ్డాడు. ఇందాక నవ్విన నలుగురూ చాయ్ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు.

"చిన్నమ్మా, కాక కాలు తప్పు లేదు. తప్పు నాది!"

అంజవ్వ బీడీల చాట పక్కన పెట్టి, కొంగుతో కళ్లొత్తుకుంది. వెనక నుంచి హన్మండ్లు పిలిచాడు.

"ఇంకోసారి జెప్పు బిడ్డా."

రాజలింగు తలెత్తలేక, నేల చూస్తూనే మళ్లీ చెప్పాడు.