పదకొండు ఇప్పచెట్లు

ముందే ఒక నిజం ఒప్పేసుకుంటాను. ముక్కూమొహం తెలియనివాళ్లు బండి ఆపి ఎక్కించుకునే కథలంటే నాకు పిచ్చి. అలాంటి కథ ఎప్పుడూ మంచిగానే ముగుస్తుందని నమ్మే బాపతు నేను. ఈ కథలోనూ బండి ఆపినవాళ్లంతా బంగారంలాంటి మనుషులే. అయినా ఇలా ముగిసింది. ఎవర్ని తిట్టుకోవాలో తెలియక మీ ముందు పెడుతున్నాను.

స్నేహలతకు ఇరవై నాలుగేళ్లు. హన్మకొండలో వాళ్ల నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం. ఆమె ఉద్యోగం మడికొండ ఐటీ పార్కులో. అమ్మ చుట్టాలందరికీ సాఫ్ట్‌వేర్ అనే చెప్పుకుంటుంది గానీ, అసలు పని శాటిలైట్ ఫొటోలకు రంగులు వేయడం. అచ్చం ఒకటో తరగతి పిల్లల్లాగే. నీళ్లకు నీలం, ఇళ్లకు ఎరుపు, చేలకు పసుపు, అడవికి ఆకుపచ్చ. రోజుకు మూడు వందల ముక్కలు పూర్తి చేస్తే ఆ నెల టీమ్ లీడర్ మెయిల్లో చప్పట్ల బొమ్మ పెడతాడు.

పోయినేడు అలాంటి ఒక ముక్క వచ్చింది. వానాకాలంలో తీసిన పాత ఫొటో. నిండా గుబురు చెట్లు. ఆకుపచ్చ నొక్కి లంచ్‌కి వెళ్లిపోయింది. ఆ రోజు క్యాంటీన్లో పులిహోర అన్న సంగతి కూడా ఆమెకు గుర్తుంది.

ఆ ముక్క కొత్తగూడ అవతల రేగులగూడెం అనే కోయ ఊరి పోడు భూమి. ముప్పై ఎకరాలు. 2005 డిసెంబర్ కంటే ముందు నుంచీ దున్నుతున్నట్టు తేలితేనే పట్టా. ఫొటోలో ఆకుపచ్చ ఉంది కాబట్టి అది అడవి, అడవి కాబట్టి సాగు లేదు, సాగు లేదు కాబట్టి అర్జీ చెల్లదు. ఊరంతా ఆ చేలోనే గుడిసెలు వేసుకుని నిరాహార దీక్షకు కూర్చుంది.

ఇదంతా స్నేహలతకు ఫోన్లో ఒక వీడియో చూస్తే తెలిసింది. ఒక ముసలామె పెద్ద చెట్టును పట్టుకుని మాట్లాడుతోంది. పేరు సమ్మమ్మ. "పోడు కొట్టినా ఇప్పచెట్టును కొట్టం. నాగలి దాని సుట్టు తిప్పుకపోతం. పువ్విస్తది, నూనె ఇస్తది, కరువుల కడుపు నింపుతది. తల్లిని నరుకుతమా?"

ఊరి పేరు చూసి స్నేహలత ఆఫీసులో ఫైలు తెరిచింది. రంగు వేసినవాళ్ల గడిలో తన పేరే ఉంది. ఆ గుబురంతా చేను మధ్యలో వదిలేసిన ఇప్పచెట్ల నీడ, వాటి మధ్య వానకు ఎదిగిన పచ్చటి పైరు.

తర్వాత వారం రోజులు పాత ఫొటోల గుట్ట తవ్వింది. చివరికి 2005 మార్చిలో తీసినది ఒకటి దొరికింది. మార్చిలో ఇప్పచెట్లు ఆకు రాల్చేస్తాయి. కింద చేను మొత్తం కనబడింది. గట్లు, సాళ్లు, పదకొండు చెట్లు, ఒక్కో చెట్టు చుట్టూ వంపు తిరిగిన దుక్కి గీతలు. వేలిముద్రలో గీతల్లాగా. ఆ పదకొండు చెట్లు ఇప్పటికీ అక్కడే నిలబడి ఉన్నాయి కాబట్టి, ఫొటో తీసుకెళ్లి చెట్టుకు చెట్టు సరిచూపిస్తే ఏ అధికారీ కాదనలేడు.

అర్జీ మీదున్న నంబరుకు మంగళవారం ఫోన్ చేస్తే సమ్మమ్మే ఎత్తింది. సిగ్నల్ ఊగుతోంది. బేస్తారం, అంటే గురువారం, మధ్యాహ్నం రెండింటికి సర్వేవాళ్లు ఆఖరిసారి వస్తున్నారని చెప్పింది.

"అమ్మా, పైనుంచి చూస్తే మీ చెట్లే కనబడ్తానయ్. చేను కనబడ్తలేదు. అందుకే అడవి అనుకున్నరు."

"గంతేనా బిడ్డా?"

"గంతే. నేను బేస్తారం ఫొటో పట్టుకొని..."

కట్ అయింది. మళ్లీ కలవలేదు. 'అనుకున్నరు' అని తను ఎంత సుళువుగా తప్పించుకుందో స్నేహలత ఆ రాత్రంతా తలుచుకుంది.

బేస్తారం పొద్దున బస్టాండుకు వెళ్తే ఏజెన్సీ బంద్ అన్నారు. రేగులగూడెం దీక్షకు మద్దతుగా. దీక్షకు మద్దతుగా బస్సుల్లేవు కాబట్టి దీక్షకు వెళ్లే దారి లేదు. క్యాబ్ డ్రైవర్లు ముగ్గురు కొత్తగూడ పేరు వినగానే క్యాన్సిల్ కొట్టారు. స్కూటీ తాళం నాన్న గల్లాపెట్టెలో ఉంది, నాన్న దాని ముందు కూర్చుని ఉన్నాడు. ఇక నర్సంపేట రోడ్డు మీద నిలబడి చెయ్యి ఎత్తడమే మిగిలింది.

మొదట ఆగింది కొత్తవాడ నుంచి జంపఖానాలు తీసుకెళ్తున్న ట్రాలీ ఆటో. నడిపేది రాజమల్లు, నెరిసిన మీసాల మనిషి.

"ఎక్కడిదాక బిడ్డా?"

"రేగులగూడెం, కాకా."

"నర్సంపేట దాక నాది జిమ్మ. అవతల దేవుడిది." గేరు మారుస్తూ అడిగాడు. "ఇంట్ల చెప్పొచ్చినవా?"

"ఆఫీసుకని చెప్పిన."

"ఆఫీసుల ఏమని చెప్పినవ్?"

"కడుపునొప్పి అని."

"గట్లయితే రెండు దిక్కులా కొట్టుకపోయినవ్." పకపకా నవ్వాడు. దిగేటప్పుడు వెనక నుంచి ఒక జంపఖానా లాగి ఆమె చేతిలో పెట్టాడు. "దీని అంచు వంకర పోయింది, షావుకారి తీసుకోడు. మట్టిల కూసుంటాండ్లట గదా పాపం. ఇయ్యి."

నర్సంపేటలో ఏఎన్ఎం నిర్మల స్కూటీ ఆపింది. కాళ్ల దగ్గర టీకాల డబ్బా. స్నేహలత జంపఖానా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. పాకాల దాటాక బంద్ చేసేవాళ్లు రోడ్డుకు అడ్డంగా మొద్దు వేసి ఆపారు.

"పోరలకు టీకాలేసేది కూడ బంద్ పెడ్తరా? అడ్డం జరుగుండ్రి," అని నిర్మల గద్దించింది. "ఈ పిల్ల మీ దీక్షకే పోతాంది. మీకోసం పోతాంటే మీరే ఆపుతిరి."

మొద్దు జరిపారు. ఒకడు నవ్వి సెల్యూట్ కూడా కొట్టాడు.

"ఆళ్లకు నువ్వేమైతవ్?" కొంత దూరం పోయాక నిర్మల అడిగింది.

"ఏం గాను అక్కా. ఆళ్ల అర్జీ పోయింది నా వల్లనే. చేనును అడవని పెట్టిన."

స్కూటీ కొంచెం మెల్లగా అయింది. "చెప్పినవా ఆళ్లకు?"

"లేదు."

"పోంగనే ముందుగాల గదే చెప్పు. సూది గుచ్చినంక నొప్పైతదంటే ఏం ఫాయిదా?"

కొత్తగూడలో నిర్మల దారి వేరు. తన టిఫిన్ డబ్బాలో సగం అన్నం తినిపించి, ట్రాక్టర్ ఒకటి వస్తుంటే రోడ్డు మధ్యలో నిలబడి తనే ఆపింది. ట్రాక్టర్ నడిపేవాడి పేరు మొగిలి.

"రేగులగూడెమే పోతాన్న. ఎక్కు సెల్లె, జర గట్టిగ పట్టుకో."

వెనక ట్రాలీ ఖాళీగా ఉంది. మోకులు, ఒక ఇనప గొలుసు.

"దీక్షకా అన్నా?"

"నాకేం దీక్ష? లోడు ఉందట. సార్లు పొద్దుగాల్ల ఫోన్ చేసి మోకులు పట్టుకొని రమ్మన్నరు."

స్నేహలత తల ఊపింది. మనసంతా సంచిలో ఉన్న ఫొటో మీదే ఉంది. టైము ఒంటిగంట దాటి పది నిమిషాలు. తన జీవితంలో దేనికైనా ముందుగా చేరడం ఇదే మొదటిసారి. అడవి దారిలో తియ్యగా, మత్తుగా వాసన మొదలైంది.

"ఇప్పపువ్వు," అన్నాడు మొగిలి. "కానీ గింత వాసన రావద్దే. పొద్దుగాల్లనే ఏరుకుంటరు గదా."

మలుపు తిరిగాక గూడెం కనబడింది. దాని వెనక చేను. చేను పైన ఆకాశం, అడ్డం లేకుండా, ఆ చివర నుంచి ఈ చివరిదాకా.

స్నేహలత ట్రాక్టర్ ఆగకముందే దిగింది. ఫొటో చూడకుండానే ఏ చెట్టు ఎక్కడుండాలో ఆమెకు తెలుసు. మొదటిది బోరింగు పక్కన. అక్కడ మొద్దు ఉంది, కోసినచోట ఇంకా తడిగా. రెండోది గట్టు మూల. మొద్దు. మూడు, నాలుగు. దీక్ష బ్యానరు రెండు చెట్లకు కట్టి ఉండేదట, అది ఇప్పుడు మట్టిలో పడి ఉంది. నేలంతా పసుపు తెలుపు పువ్వులు, మనుషులూ జీపు టైర్లూ తొక్కినవి. పదకొండూ లెక్కపెట్టింది. పన్నెండోది ఉంటుందేమో అన్నట్టు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

గుడిసెల దగ్గర ఆడవాళ్లు మాత్రమే ఉన్నారు. సమ్మమ్మ లేచి వచ్చింది.

"ఫోన్ చేసింది నువ్వేనా బిడ్డా? గొంతు గుర్తువట్టిన. ఎండల వచ్చినవ్, నీళ్లు తాగు."

నీళ్లు తాగింది.

"మా ఎల్లస్వామి వద్దన్నడు," అంది సమ్మమ్మ. ఎల్లస్వామి ఆమె కొడుకు. "ఊరు పెద్దలు వద్దన్నరు. నేనే ఇన్లే. పట్నం పిల్ల మిషిన్ల సూసి చెప్పింది, చెట్లే అడ్డమట అన్న. చెట్టు చెట్టుకు కోడిని కోసి, తప్పైంది తల్లీ అని మొక్కినం. మంగళారం పొద్దుగూకంగ నరుకుడు మొదలువెడ్తే తెల్లారి రాత్రికి ఒడిసింది. ఇయ్యాల పొద్దుగాల్ల ఫారెస్టోళ్ల జీపొచ్చి మొగోళ్లను అయిదుగురిని పట్టుకపోయింది. అడవి చెట్లు నరికిండ్లని కేసట. మా చేన్ల చెట్లని చెప్తే, చేను అని ఎవలన్నరని అడిగిండ్లు. సర్వే గూడ లేదట ఇంక."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని ఆకాశం వైపు చూసింది.

"ఇప్పుడు చెప్పు బిడ్డా. పైనుంచి సూస్తే చేను కనబడ్తదా?"

"కనబడ్తది," అంది స్నేహలత. అది నిజం.

తర్వాత నిర్మల మాట గుర్తొచ్చింది. సంచిలోంచి ఫొటో తీసి సమ్మమ్మ చేతిలో పెట్టింది. "అమ్మా, మీ చేనుకు అడవి రంగేసింది నేనే. ఇది అప్పటి ఫొటో. చేను అప్పటిసందే ఉన్నదని దీంట్ల ఉంది. చెట్టు చెట్టు చూపెట్టి గెలుస్తమనుకున్న. నరకుమన్లేదమ్మా నేను."

సమ్మమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలు ఒక చుక్క మీద ఆగింది. "ఇది మా అత్త చెట్టు." ఇంకో చుక్క. "ఇది ఎల్లస్వామి పుట్టిన ఏడు నా వంతుకు పంచిచ్చిన చెట్టు." అలా పదకొండు చుక్కలూ ఎవరెవరివో చెప్పింది. ఫొటోను మడతలు కలిసేలా జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చింది.

"మొన్ననే చెప్పకపోతివి బిడ్డా," అంది. తిట్టలేదు. అరిచినా బాగుండేది.

మిగిలిన ఆడవాళ్లు రాజమల్లు ఇచ్చిన జంపఖానా పరిచి, తొక్కుడు పడని పువ్వులను దాని మీదికి ఏరుతున్నారు. ఆ పువ్వు మళ్లీ రాదు కాబట్టి. స్నేహలత కూడా మోకాళ్ల మీద కూర్చుని ఏరింది. అవతల మొగిలి గొలుసు విప్పి మొదటి మానుకు కట్టాడు. కట్టి, చేతులు తలకు ఆనించి దండం పెట్టాడు. తర్వాత లాగాడు.

లోడు అయ్యాక అతను దగ్గరికి వచ్చి నేల చూస్తూ అన్నాడు. "ఈ దినం ఇటుదిక్కు ఇంకే బండి రాదు సెల్లె. ఏం చేస్తవ్? ఎక్కు."

ఎక్కింది. దారి పొడవునా వెనక ట్రాలీలో పట్టినన్ని ఇప్పమాన్లు ఒకదానికొకటి రాసుకుంటూ వచ్చాయి. కొత్తగూడలో ఎవరో అబ్బాయి ఆమెను చూసి, దీక్ష నుంచే వస్తున్నావా అక్కా అని అడిగి చాయ్ తాగించాడు. డబ్బులు తీసుకోలేదు.

ఎల్లస్వామివాళ్లకు ఇంకా బెయిలు రాలేదు. స్నేహలత ఇంకా మడికొండలోనే ఉంది, ఆకుపచ్చ నొక్కే ముందు మాత్రం చెయ్యి ఆగిపోతోంది. మీలో ఎవరైనా సాయం చేయబోయి సగం మాట చెప్పి, ఆ సగం మాటతో ఎవరి చెట్టయినా కూల్చి ఉంటే, తర్వాత ఎలా బతికారో రాసి పంపండి. ఆమెకు చదివి వినిపిస్తాను. అందులో ఓదార్పు లేకపోయినా సరే.