రాజేశ్వర్ సరుకు ఎక్కడిది

షార్జా రోలా బజారులో మా వరసలో ఎవరికి సరుకు దిగినా ముందు చేసే పని అట్టపెట్టెల మీది చీటీలు చింపెయ్యడం. పంపినవాడి పేరు పక్క కొట్టువాడి కంటబడితే వచ్చే నెలకల్లా అదే సరుకు వాడి అద్దాల్లో వేలాడుతుంది. నేను బందరు నుంచి చిలకలపూడి రోల్డుగోల్డు తెప్పించి అమ్ముతాను. పక్క కొట్టు జగిత్యాల రాజేశ్వర్‌ది, ఉండేదీ మా బిల్డింగులోనే, పక్క ఫ్లాట్లో. ఊరికి పోయే కూలీలకు సూట్‌కేసులు, దుప్పట్లు, అత్తరు అమ్ముతాడు. ఏళ్ళ తరబడి కలిసి చాయ్ తాగుతున్నాం. చీటీలు మాత్రం ఎవరివి వాళ్ళం చింపుకుంటాం.

కరోనా సద్దుమణిగి కొట్లు మళ్ళీ కళకళలాడుతున్న రోజుల్లో, దుబాయ్ వెళ్ళే ఇత్తిహాద్ రోడ్డు మీద బళ్ళు ఆగిపోయినప్పుడు నాకు మొదటిసారి వచ్చింది. గుండె దడదడలాడింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందక, ఇక పోయాననుకున్నాను. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి గుండె భేషుగ్గా ఉందన్నారు. ఇది ఆందోళన జబ్బు, దానికి వేరే డాక్టరున్నారని పంపారు. అప్పట్నుంచి ఆ రోడ్డు తలుచుకుంటేనే చేతులు చల్లబడేవి. ఇంట్లో గ్యాస్ అని చెప్పాను.

రోలాలోనే ఉన్న ఆ డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఒకటి రోజూ వేసుకునే బిళ్ళ. అది పని మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో దడ కాస్త పెరిగినా పెరుగుతుంది, నెలల తరబడి వాడాలి. రెండోది వారానికోసారి ఆమె దగ్గర కూర్చుని మాట్లాడుతూ, భయపడే పనినే కొంచెం కొంచెంగా చేసి అలవాటు పడటం. రెండూ కలిస్తే మరీ మంచిదంది. వేసుకోగానే పనిచేసే బిళ్ళ లేదా అని అడిగాను. ఉందిగానీ అలవాటైపోతుంది, రోజూ వాడేది కాదని ఇవ్వలేదు.

వ్యాపారస్తుడు ముందు శాంపిల్ చూస్తాడు. ఒక గొలుసు గీకి చూస్తే మిగతా పెట్టె సంగతి తెలిసిపోతుంది. బిళ్ళలు వారం వేసుకున్నాను. దడ పెరిగింది. మానేశాను. హైదరాబాదులో ఒకావిడ ఫోన్లో కౌన్సెలింగ్ ఇస్తుందంటే మాట్లాడాను. మొత్తం కోర్సు ఒకే రోజు కూర్చుని అవగొట్టడానికి వీలుందా అని అడిగితే ఆవిడ నవ్వింది. అదీ వదిలేశాను. అజ్మాన్‌లో ఎవరో ఇచ్చిన పొడి తాగాను. ఫోన్లో చూసి ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాను. అన్నిచోట్లా శాంపిల్ చూశాను, ఎక్కడా కుదరలేదు.

అదే రోజుల్లో రాజేశ్వర్‌కీ ఇదే పట్టుకుంది. ఊళ్ళో అతని తమ్ముడు కరోనాతో పోతే ఆఖరి చూపుకి వెళ్ళలేకపోయాడు. ఆ తరవాత ఒకరోజు నడిరోడ్డు మీద వ్యాను ఆపి దిగిపోయాడట. మంచి డాక్టరెవరైనా ఉన్నారా అని నన్నడిగితే, నేను చూసినావిడ పేరు చెప్పి, ఆవిడ దగ్గర పసలేదు, నేను చూసి పారేశానన్నాను. అతను చాయ్ గ్లాసు రెండు చేతులా పట్టుకుని వణుకుతుంటే నా వణుకు కొంచెం తగ్గినట్టుండేది. తోడు దొరికిందనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి తోడు పోయింది. రాజేశ్వర్ బాగుపడ్డాడు.

మధ్యాహ్నం కొట్లు మూసే వేళ కుర్చీలోనే గురకపెట్టి నిద్రపోయేవాడు. తనే వ్యాను వేసుకుని దుబాయ్‌లో దేరా బజారుకి వెళ్ళి సూట్‌కేసులు ఏరి తెచ్చుకునేవాడు. నగలు పెట్టే డబ్బాలకి కూడా నేను దేరా వాళ్ళకు ఫోన్లో చెప్పాల్సిందే, వాళ్ళు పంపిందే నాకు గతి. అతని మొహం మీద ఆ నిదానం చూస్తే, నాకు దొరకని సరుకు పక్కవాడి అద్దాల్లో చూసినట్టు కడుపు మండేది. ఎక్కడ దొరికిందని అడిగాను. పొద్దున జర నడుస్తున్నానన్నాడు. నడిస్తే వచ్చేదైతే రోలాలో సగం మందికి రావాలి. చీటీ చింపుతున్నాడని అర్థమైంది.

అక్కడితో ఆగినా బాగుండేది. దుబాయ్ కరామాలో ఉండే మా వదినగారు అనంతలక్ష్మికి మోకాలి ఆపరేషనైంది. ప్రతి శుక్రవారం పొద్దున నా భార్య సుభాషిణి, మా అమ్మాయి స్నిగ్ధ చూసి రావాలి. నేను కొట్లో పనుందనేవాణ్ణి. ఎలాగూ అటే పోతున్నానని రాజేశ్వర్ వాళ్ళను ఎక్కించుకున్నాడు. ఒక వారం కాదు, ప్రతి వారం. బాల్కనీలోంచి చూసేవాణ్ణి. స్నిగ్ధ వెనక, సుభాషిణి ముందు సీట్లో. తిరిగొచ్చాక సుభాషిణి మొహంలో ఏదో వెలుగు. అంకుల్ ఎంత నెమ్మదిగా నడుపుతారో, నీలాగా ఊరికే హారన్ కొట్టరని స్నిగ్ధ చెప్పింది. ఆ పూట అన్నం సహించలేదు.

తరవాత స్నిగ్ధ కాన్వొకేషన్ కబురొచ్చింది. దుబాయ్‌లో, అదీ సాయంత్రం, బళ్ళు బారులు తీరే వేళ. పిల్ల చాలా మామూలుగా అడిగింది: "నాన్నా, నువ్వు వస్తావా, అంకుల్‌ని అడగనా?"

నా కూతురు పట్టా పుచ్చుకునే రోజున నా కుర్చీలో రాజేశ్వర్ కూర్చుంటాడు. ఈ నష్టం ఏ లెక్కలో వేసినా పూడేది కాదు. అతని సరుకు ఎక్కడిదో తేల్చుకోవాలనుకున్నాను.

మంగళవారాలు మధ్యాహ్నం అతను కొట్టు మూసి ఎక్కడికో వెళ్ళడం గమనించాను. వెనకే వెళ్ళాను. రెండు సందులు తిరిగి ఒక బిల్డింగులోకి దూరాడు. ఆ లిఫ్టు నాకు తెలుసు. పైన ఆ బోర్డూ తెలుసు. నేను చూసి పారేసిన డాక్టరమ్మ పేరే. బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల్నించి వచ్చిన రాజేశ్వర్ నన్ను చూసి ఆగాడు.

"గిదేంది వేణన్నా, నా ఎనకాల వచ్చినవా?"

"నువ్వు ఈవిడ దగ్గరికా వస్తున్నావు?"

"నువ్వే గదనే పేరు చెప్పింది."

"పనికిరాదని చెప్పాను."

"చెప్పినవ్. నాకు ఇంకో పేరు తెల్వదు గద."

పక్కన కూర్చుని అంతా చెప్పాడు. మొదటి వారాల్లో అతనికీ దడ పెరిగిందట. ఫోన్ చేస్తే డాక్టరమ్మ బిళ్ళలు మానొద్దు, కొన్నాళ్ళు ఓర్చుకోమందట, ఓర్చుకున్నాడట. తరవాత పార్కింగులో ఆగిన బండిలో ఊరికే కూర్చోమంది. ఆపైన రోలా చుట్టూ, ఆపైన దుబాయ్ సరిహద్దులో అల్ నహ్దా దాకా. భయం వస్తే దిగి పారిపోకుండా, అది తగ్గేదాకా కూర్చోవడమే పని. ఇప్పటికీ వస్తుందన్నాడు, వచ్చి పోతుందట.

"ఒక్కన్ని పోవుడు వచ్చినంక, మనుషులను ఎక్కించుకొని నడుపుమన్నది డాక్టరమ్మ. నాకు గదే పెద్ద భయం. మీ ఇంట్ల సుభాషిణి వదినను అడిగిన. కరామా దాంక మాట్లాడుకుంట కూసుంటది. నా చేతులు వణుకుడు ఆమెకు ఎరుకే."

"మరి నడుస్తున్నానని చెప్పావేం నాకు?"

"నువ్వు పారేసినదాన్ని బాగుందంటే నీకు కోపమొస్తదని."

నేను పారేసిన సరుకు ఎత్తుకుపోయి, దాన్లో నా భార్య మాటలు కలుపుకుని బాగుపడ్డాడు. ఇంటికెళ్ళేసరికి సుభాషిణి గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. పక్కింటి మగాడికి చేసిన సాయం నాకెందుకు చెయ్యలేదని అడిగాను. ఆమె చెయ్యి ఆపలేదు.

"ఆయన భయమేస్తోంది వదినా అని అడిగాడు. మీరు ట్రాఫిక్ అన్నారు, కొట్లో బేరాలన్నారు, గ్యాస్ అన్నారు. భయమని ఎప్పుడన్నా అన్నారా?"

నేను బిళ్ళల డబ్బా మీది పేరు చింపి బీరువాలో బట్టల కింద దాచడం గుర్తొచ్చింది. భయమేస్తోందన్నాను. ఆమె చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టింది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి రెండూ కావాలన్నాను, బిళ్ళలూ మాటలూ. శాంపిల్ మాట ఎత్తలేదు. కానీ కాన్వొకేషన్ నాటికి బిళ్ళలు పనిచేసేంత వ్యవధి లేదు. ఆ రోజుకి స్టీరింగ్ పట్టొద్దు, బండెక్కి కూర్చోండి, మీకు అదే మొదటి మెట్టు అందామె.

అలా ఆ సాయంత్రం రాజేశ్వర్ వ్యాన్లో, సుభాషిణి కూర్చునే ముందు సీట్లో నేను కూర్చున్నాను. వెనక తల్లీకూతుళ్ళు. నహ్దా దాటగానే ముందంతా ఎర్ర లైట్లు. బండి ఆగింది. నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. తలుపు పిడి మీదికి చెయ్యి పోయింది. పక్కకు చూస్తే రాజేశ్వర్ కూడా స్టీరింగ్ గట్టిగా బిగించి పట్టుకున్నాడు, మొహం మాత్రం నిదానంగానే ఉంది. ఆ మొహం మీద నాకు ఆ క్షణంలో కూడా అసూయే.

వెనక నుంచి సుభాషిణి అక్కగారి మోకాలి సంగతి మొదలుపెట్టింది. తరవాత స్నిగ్ధ చీరకు పిన్నులు ఎన్ని పట్టాయో. ఆ మాటలు మా ఇద్దరిలో ఎవరికోసమో నేను అడగలేదు. చెయ్యి పిడి మీదే ఉంది, తియ్యలేదు. నెమ్మదిగా దడ దిగింది. బళ్ళు కదిలాయి.

"రాజేశ్వర్, వచ్చేటప్పుడు నహ్దా నుంచి ఇంటిదాకా స్టీరింగ్ నాది," అన్నాను.

"మొదటి రోజే గంత దూరమా అన్నా? నన్ను పార్కింగ్ దాటనియ్యలే డాక్టరమ్మ."

కాసేపు బేరమాడాం. చివరికి మా బిల్డింగు పార్కింగులో బండి పెట్టే పని నాకు ఖాయమైంది. తక్కువే. కానీ అది అతని చేతిలోంచి తీసుకున్నది.