క్రేను దించిన బరువు

క్రేను అంటే యంత్రం కాదు, మనిషి. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే కూలి. ఓసారి బీరువా మోస్తూ మెట్ల మీదే కునుకు తీశాడట, మెలకువ వచ్చేసరికి బీరువా పై అంతస్తులో ఉందట. చూసినవాళ్లు లేరు గానీ, నమ్మనివాళ్లూ లేరు.

మోతగాళ్లకో కట్టుబాటుంది. బరువు చేతుల్లో ఉండగా నొప్పి మాట ఎత్తకూడదు. వెనక పట్టినవాడు "దించాం" అన్నాకే మూలిగినా, తిట్టినా. క్రేనుకి వెనక పట్టేది ఎప్పుడూ తమ్ముడే. ఆ తమ్ముడు జ్వరంతో పోయాడు. అప్పట్నుంచి ఇంకొకణ్ణి దగ్గరికి రానివ్వకుండా ఇద్దరి బరువూ తనే మోస్తున్నాడు. ఏడవలేదు. పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు.

నిన్న ఓ ఇనప్పెట్టెని వీపున వేసుకుని నాలుగంతస్తులు దిగాడు. పొద్దున మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. "టీ ఎక్కువైందిలే" అన్నాడు. భార్య వినలేదు, ఆసుపత్రికి లాక్కొచ్చింది.

డాక్టరమ్మ తొడ నొక్కింది. రాయిలా ఉంది. "నొప్పా?"

"లేదమ్మా."

రక్తం తీశారు. ల్యాబతను రిపోర్టు తెచ్చి, "మిషను పాడైందేమోనని రెండోసారి కూడా చేశానండీ, అదే వచ్చింది" అన్నాడు.

డాక్టరమ్మ మొహం మారింది. "సీకే అని కండ లోపల ఉండాల్సిన సరుకయ్యా ఇది. కండ చితికితే రక్తంలోకి కారుతుంది. వందల్లో ఉండాల్సింది నీకు లక్షకి దగ్గరగా ఉంది. ఆ చితికిన చెత్త వడకట్టలేక కిడ్నీలు మూతపడతాయి. ఇప్పుడే సెలైను పెట్టాలి, ఇక్కడే ఉండాలి."

"సాయంత్రం పని ఒప్పుకున్నానమ్మా. నొప్పి లేనోడికి సెలైనెందుకు?" అంటూ లేచాడు.

"నీ నోటికి నిజం చేదని పెళ్లినాడే తెలుసు," అంది భార్య. "నీ రక్తం నయం, అడగ్గానే చెప్పేసింది. కూర్చో!"

అతను చెప్పులో కాలు పెట్టాడు.

ఆమె గుమ్మానికి అడ్డుపడలేదు. అతని వెనక్కి వెళ్లి, మరిది నిలబడే చోట నిలబడింది. కనిపించని పెట్టె అంచు పట్టుకున్నట్టు చేతులు చాపి, మెల్లగా వంగింది.

"దించాం," అంది.

క్రేను కదల్లేదు. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు. ఎంతసేపటికో మంచం మీద కూలబడ్డాడు.

"తొడలు," అన్నాడు. "నడుం కూడా." గోడకేసి చూస్తూ అన్నాడు: "తమ్ముణ్ణి పాడె మీద మోసినప్పుడు ఎవరూ అనలేదే ఆ మాట."

నర్సు వచ్చి అతని చేతికి సూది గుచ్చింది.

"అబ్బా! మెల్లగా తల్లీ, నొప్పి," అన్నాడు క్రేను.