బాలనర్సయ్య ఒక్కపొద్దులు

బాలనర్సయ్యకు దేవుడి మీద కోపమేమీ లేదు, తీరికే ఎప్పుడూ లేకపోయింది. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేవకముందు అక్కడున్నవన్నీ బండలే. ఆ బండలను పేల్చి, కంకర మిషన్‌లో వేసి పిండి చేసినవాళ్ళలో ఆయనొకడు. వయసంతా ఆ దుమ్ము మింగాడు. అది చాలదన్నట్టు బీడీలు కూడా కాల్చాడు. ఇప్పుడు మూసాపేటలోని రెండు గదుల ఇంట్లో మంచం నుంచి గుమ్మం దాకా రావాలన్నా మధ్యలో గోడ పట్టుకుని ఆగాలి. ఊపిరితిత్తులు పాడయ్యాయని, పోయింది తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. కూతురు రేఖకు ఆ మాట మింగుడుపడలేదు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి సోమవారాలు ఒక్కపొద్దు మొదలుపెట్టాడు. ఒక్కపూట భోజనం, మిగతా రోజంతా మంచినీళ్ళు. కొన్నాళ్ళకు గురువారం కూడా కలిసింది. ఆపైన శనివారం. ముగ్గురు దేవుళ్ళనూ సమానంగా చూసుకుంటున్న భర్తను చూసి నీలమ్మ మురిసిపోయింది. "ఇన్నేండ్లకు మీ నాయినకు భక్తి పుట్టింది బిడ్డా" అని కూతురితో చెప్పుకుంది. రేఖ నవ్వేసి ఆఫీసుకు పోయింది.

రేఖ ఆఫీసు మాదాపూర్‌లోనే. పరిశోధన లోకం ఎటు నడుస్తోందో మందుల కంపెనీలకు చెప్పే రిపోర్టులు తయారుచేయడం ఆమె పని. ఏ జబ్బు మీద ఎన్ని పేపర్లు వచ్చాయో, ఏ మాట పక్కన ఏ మాట తరచుగా కనిపిస్తోందో లెక్కగట్టి కంప్యూటర్ ఒక బొమ్మ గీస్తుంది. ఎక్కువసార్లు వచ్చిన మాటకు పెద్ద గుండ్రం, కలిసి వచ్చిన మాటల మధ్య లావు గీత. చేరిన కొత్తలో "ఇవన్నీ చదవాలా మేడమ్?" అని రేఖ అడిగితే, టీమ్ లీడ్ రోహిణి నవ్వింది. "చదువుతూ కూర్చుంటే ఈ జన్మకు అవుతుందా తల్లీ? మనం లెక్కపెడితే చాలు."

ఆ ఒక్కపొద్దులు మొదలవడానికి కొద్దిరోజుల ముందు, ఈ వేసవిలో వచ్చిన పని సరిగ్గా తండ్రి జబ్బు మీదే. మన ఒంట్లో కణాలు తమలో పేరుకున్న చెత్తను తామే తినేసి శుభ్రం చేసుకుంటాయి. దాన్ని ఆటోఫజీ అంటారు. ఏళ్ళ తరబడి పీడించే ఊపిరితిత్తుల జబ్బులో ఆ శుభ్రం ఎలా నడుస్తోందన్న దాని మీద ఏటేటా పేపర్లు పెరుగుతున్నాయి. తెర మీద మెట్లెక్కినట్టు పైకి పోతున్న గీతను చూసి రేఖకు ప్రాణం లేచొచ్చింది. పేపర్లు పెరిగితే మందు దగ్గర పడ్డట్టేనని పిచ్చి లెక్క వేసుకుంది. బొమ్మలో ఒక మూల 'ఉపవాసం' అన్న గుండ్రం ఉంది. దానికీ ఆటోఫజీకీ మధ్య మంచి లావు గీత ఉంది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర ఆ సంబరం ఆగలేదు. "నాయినా, మన ఒంట్ల కణాలు వాటి చెత్తను అవే ఊడ్చుకుంటయంట. కడుపు ఖాళీగుంటే ఇంకా మంచిగ ఊడ్చుకుంటయంట."

"ఊపిరితిత్తులల్ల గూడనా?"

"అంతట."

"కంకర దుమ్ము గూడ పోతదా?"

"గదే రీసెర్చ్ చేస్తున్నరు నాయినా" అని ఆయన కంచంలో పెరుగు వేసి, ఆ మాట అక్కడే మరిచిపోయింది. ఆయన మరిచిపోలేదు.

చూస్తుండగానే చొక్కా భుజాల మీద నుంచి జారిపోసాగింది. ఎండలకని నీలమ్మ అనుకుంది, జబ్బుకని రేఖ అనుకుంది. ఒకనాడు పొద్దున్నే పెదాలు నీలంగా మారి మాట రాకపోతే, ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తారు.

డాక్టర్ జయంతి రేఖను పక్కకు పిలిచింది. "చూడమ్మా, ఈ జబ్బులో ఊపిరి లాగడానికే బోలెడంత శక్తి కావాలి. తినకపోతే కండ కరిగిపోతుంది. ఊపిరి లాగేది కూడా కండే కదా. ఈయనకి ఉన్న కాస్తా కరిగిపోయిందండి. ఉపవాసాలు ఉండమని ఎవరు చెప్పారు?"

"దేవునికని ఉంటున్నడు మేడమ్" అంది రేఖ. అప్పటికి ఆమె నమ్మింది అదే.

లోపలికి వెళ్ళేసరికి బాలనర్సయ్య ఆక్సిజన్ మాస్క్ కాస్త పక్కకు జరిపి పక్క మంచం యాదయ్యతో చెప్తున్నాడు. "నా బిడ్డ రీసెర్చ్ చేస్తది. ఆమెనే చెప్పింది, కడుపు మాడితే లోపట దుమ్మంత ఊడ్చుకపోతదని. ఇంట్ల దేవుని పేరు చెప్పిన గానీ..." రేఖ గుమ్మం బయటకు వచ్చి బెంచీ మీద కూలబడింది.

అక్కడే లాప్‌టాప్ తెరిచి, తను లెక్కపెట్టిన పేపర్లను మొదటిసారి చదివింది. ఈ జబ్బులో ఆ శుభ్రం సరిపోవడం లేదని కొందరు రాశారు. అది శ్రుతి మించి కణాలనే చంపేస్తోందని ఇంకొందరు రాశారు. ఉపవాసం గురించి ఆమె తెరిచినవన్నీ ఎలుకల మీద చేసినవే, బక్కచిక్కిన ఊపిరితిత్తుల రోగి ఊసే లేదు. రెండు మాటలు ఒక పేపర్లో ఉంటే చాలు, పొత్తు కుదిరినా పోట్లాడుకున్నా గీత ఒకేలా పడుతుంది. ఆ గీతను నమ్మి తండ్రి కడుపు మాడ్చింది. రేఖ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ముఖం కడుక్కుని లోపలికి వచ్చేసరికి నీలమ్మ జావ గ్లాసు పట్టుకుని బతిమాలుతోంది. బాలనర్సయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇయ్యాల గురువారం."

తప్పయింది నాయినా, నాకేం తెల్వదు, నేను చదవనే లేదు అని చెప్పడానికే రేఖ నోరు తెరిచింది. కానీ ఆయన ఆమెను చూసిన చూపులో ఎంత గర్వముందో! కూతురి చదువు తన ఛాతీలో పనిచేస్తోందని నమ్ముతున్న మనిషి. ఆ నమ్మకం కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుంది ఆయనకు?

"ఇగ వద్దు నాయినా, అయిపోయింది" అంది. "డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది. లోపట అంత శుభ్రమైంది. ఇప్పుడు తినాలె."

"నిజంగనా?"

"నిజంగనే."

ముసలాయన ముఖం విచ్చుకుంది. నోరు తెరిచాడు. రేఖే తాగించింది. ఒక్కో గుక్కకూ ఆగి, రొప్పి, మళ్ళీ నోరు తెరుస్తూ సగం గ్లాసు తాగాడు. తర్వాత దిండుకు ఆనుకుని, మాస్క్ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఊపిరి లాగాడు. ఇంకోసారి లాగాడు. మెడ నరాలు తేలాయి, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోయింది. రేఖ మాస్క్ పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, తెలియంది అడిగే పిల్లవాడిలా ఆమె వైపు చూశాడు.

"అంత శుభ్రమైందంటివి గద బిడ్డా. మరి ఊపిరెందుకు ఆడుతలేదు?"

జవాబు కోసం నీలమ్మ కూడా కూతురి ముఖంలోకే చూసింది.